నల్లమల ముడతలు ఇసుకపెట్టెలో: కడపలో టెక్టానిక్ మోడలింగ్ ల్యాబు పెట్టేవారికి

మీరు అడిగింది ఇది: కడపలో పీజీ జియాలజీ విభాగానికి ఒక చిన్న గది, కొద్దిపాటి నిధులు ఉన్నాయి. ఇసుకపెట్టెలో ఫాల్టులు (రాయి తెగి జారిన చోట్లు), ఫోల్డులు (ముడతలు) పుట్టించి చూపే ల్యాబు పెట్టాలనుకుంటున్నారు. అది క్లాసుకూ పనికిరావాలి, నల్లమల ఫోల్డ్ బెల్టు (ముడతలు పడ్డ కొండల పట్టీ) మీద ఎం.ఎస్సీ. డిసర్టేషన్లకూ పనికిరావాలి. ఏం కొనాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ దెబ్బతింటాం?

మోటారుతోనో కెమెరాతోనో మొదలుపెట్టకండి. ఇసుకతో మొదలుపెట్టండి. ఇసుక ఎంత బాగా ఆరింది, ఎంత ఎత్తు నుంచి రాలింది, అడుగున దేని మీద జారుతోంది అన్న మూడింటి మీదే ఫలితం ఆధారపడుతుంది. 2016లో అచ్చయిన ఒక పోలిక అధ్యయనంలో పదిహేను ప్రయోగశాలలు ఒకే థ్రస్టు (కుదింపుతో ఒక పొర ఇంకో పొర మీదికెక్కే ఫాల్టు) ప్రయోగాన్ని చేశాయి. అందరికీ ఒకే రకం ఇసుక పంపారు. అడుగునా పక్కలా వేసే ఫాయిల్ ఒకటే. జల్లెడ, రాల్చే ఎత్తు, చదును చేసే తీరు అన్నీ ముందే రాసిచ్చారు. అయినా కుదించాక లేచిన ఇసుక దిబ్బ పై వాలు, థ్రస్టుల మధ్య దూరం, థ్రస్టుల సంఖ్య ఒక ల్యాబుకూ ఇంకో ల్యాబుకూ తేడా వచ్చాయి. ఇసుక పోయడంలో వచ్చిన చిన్న తేడాలు, ముఖ్యంగా అడుగు ఘర్షణలో తేడాలు అందుకు కారణమని తేల్చారు. అంత కట్టుదిట్టంగా చేసినా ఇలా ఉంటే, ఏ కొలతా లేకుండా బస్తా విప్పి పోసిన ఇసుక మీద రాసే డిసర్టేషన్‌కు విలువ ఉండదు.

నల్లమల క్వార్ట్‌జైట్‌కూ (ఇసుకరాయి మారి గట్టిపడిన రాయి) గుప్పెడు ఇసుకకూ పోలికేమిటని పిల్లలు మొదటి రోజే అడుగుతారు. అడగాలి కూడా. దీనికి లెక్కతో జవాబు చెప్పినవాడు అమెరికన్ భూభౌతిక శాస్త్రవేత్త కింగ్ హబ్బర్ట్, 1937లో. పెట్టెలో 1 సెం.మీ. బయట 1 కి.మీ. అనుకుంటే పొడవు లక్షో వంతుకు తగ్గింది. ఇసుక సాంద్రత సుమారు 1.6, రాయిది 2.65, నిష్పత్తి 0.6. భూమ్యాకర్షణ రెండుచోట్లా ఒకటే. కాబట్టి మోడల్లో ఒత్తిడి, బలం రెండూ అసలుదానిలో పది లక్షల్లో ఆరు వంతులు ఉండాలి. 20 మెగాపాస్కల్ కోహెషన్ (రేణువులను ఒకదానికొకటి పట్టి ఉంచే బలం) ఉన్న రాయికి మోడల్లో 120 పాస్కల్ సరిపోతుంది. జల్లించిన పొడి ఇసుక కోహెషన్ కొన్ని పదుల నుంచి వందకు అటూఇటూగా ఉంటుంది కాబట్టి పోలిక కుదిరింది. ఘర్షణ కోణం (రేణువుల మధ్య రాపిడిని కోణంగా చెప్పేది) స్కేలుతో మారదు. అది రాయికెంతో మోడల్‌కూ అంతే ఉండాలి, 30 నుంచి 40 డిగ్రీలు. పొడి ఇసుకది సరిగ్గా అక్కడే ఉంది.

తడి ఇసుక ఎందుకు పనికిరాదో ఇదే లెక్కతో చూపించండి. పాదం మీద తడి ఇసుక కప్పి కాలు తీస్తే పిచ్చుక గూడు నిలుస్తుంది, పొడి ఇసుకతో నిలవదు. ఆ నిలబెట్టే బలం వెయ్యి పాస్కల్ అనుకున్నా, పైకి లెక్కగడితే 160 మెగాపాస్కల్ దాటుతుంది. అంత కోహెషన్ ఉన్న పర్వతాలు లేవు.

ఇసుక ఎక్కడిది? ఇంజనీరింగ్ కాలేజీ సివిల్ విభాగాన్ని అడగండి. సిమెంటు పరీక్షలకు వాళ్లు ఎన్నూరు స్టాండర్డ్ ఇసుక తెప్పించుకుంటారు. అందులో మూడో గ్రేడు 500 నుంచి 90 మైక్రాన్ల మధ్య ఉంటుంది; మన పనికి సరిగ్గా కావలసింది అదే. ఒకటో గ్రేడు 1 మి.మీ. కంటే లావు, వద్దు. రేణువు లావైతే ఫాల్టు మందమూ పెరుగుతుంది. ఫాల్టు అంటే మోడల్లో గీత కాదు, పది పన్నెండు రేణువుల మందమున్న పట్టీ. 0.3 మి.మీ. రేణువుతో అది 3, 4 మి.మీ. అవుతుంది. 1 మి.మీ. రేణువుతో సెంటీమీటరు దాటితే 3 సెం.మీ. పొరలో ఇక చూడటానికి ఏమీ మిగలదు.

పెన్న ఇసుక క్లాసుకు వాడుకోవచ్చు, పరిశోధనకు వద్దు. అందులో ఫెల్‌స్పార్, అభ్రకం, నల్లటి భారఖనిజాలు కలిసి ఉంటాయి. ఒక్కో చోట తెచ్చినది ఒక్కో రకంగా ఉంటుంది. వాడితే బకెట్లో నీళ్లు తేటపడేదాకా కడగాలి, అయస్కాంతం తిప్పి నల్ల ఇసుక తీసేయాలి, 105 డిగ్రీల ఓవెన్‌లో ఒక రోజు ఆరబెట్టాలి, 425 మైక్రాన్ల జల్లెడ కిందికి దిగి 150 మీద నిలిచినది మాత్రమే ఉంచుకోవాలి. ఏ ఇసుకైనా 75 మైక్రాన్ల కంటే సన్నటి పొడిని కడిగి తీసేయడం తప్పనిసరి. మొదటి కారణం ఆరోగ్యం: ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్. జల్లించే వాళ్లకు ఎన్95 మాస్కు లేకుండా పని మొదలుపెట్టనివ్వకండి, గుడ్డ కట్టుకుంటే చాలదు. రెండో కారణం, సన్నపొడి కోహెషన్‌ను పెంచేస్తుంది.

అందుకే ముగ్గుపిండి, రంగోలి రంగులు కలపవద్దు. పొరలు అందంగా కనిపిస్తాయి గానీ అది పిండి. ఆ పొర చుట్టూ ఉన్న ఇసుక కంటే వేరే రకంగా తెగుతుంది. స్పిరిట్‌లో కరిగే రంగు అదే ఇసుకకు పట్టించి, ఆరబెట్టి, గడ్డలు విడిపోయేలా మళ్లీ జల్లించండి. రంగు పొర 1 మి.మీ. మించకూడదు. రంగు ఇసుక ఘర్షణను కూడా విడిగా కొలవాలి, మామూలు ఇసుకకు రెండు డిగ్రీల లోపు తేడా ఉంటేనే వాడాలి.

మన ఊళ్ల వాతావరణం గురించి ఒక మాట. ఎండాకాలం గాలి పొడిగా ఉండటం మనకు మేలే. కానీ గదిలో వాటర్ కూలర్ పెడితే ఆ మేలంతా పోతుంది. తేమ ఇసుకకు పట్టి కోహెషన్ మారుతుంది. ల్యాబులో కూలర్ వద్దు, ఇసుక పోసేటప్పుడు సీలింగ్ ఫ్యాను కూడా ఆపాలి. అక్టోబరు, నవంబరు వానల్లో ప్రతి మోడల్‌కు ముందూ ఇసుకను ఓవెన్‌లో పెట్టి, చల్లారాక మూత బిగించిన డబ్బాల్లో ఉంచండి. మరీ పొడి రోజుల్లో దీనికి ఎదురు సమస్య వస్తుంది: అద్దానికి స్థిర విద్యుత్తు పుట్టి ఇసుక అంటుకుంటుంది. అద్దాన్ని యాంటీస్టాటిక్ ద్రవంతో తుడిచి, పూర్తిగా ఆరాకే పోయాలి. ఉష్ణోగ్రత, తేమ చూపే చిన్న మీటరు గోడకు తగిలించి ప్రతి ప్రయోగానికీ రెండు అంకెలూ పుస్తకంలో రాయించండి.

ఇక ఘర్షణ కొలవడం. ఇది ల్యాబులో మొదటి ప్రయోగం కావాలి, పెట్టె తయారయ్యే లోపే చేసేయవచ్చు. సివిల్ వాళ్ల డైరెక్ట్ షియర్ యంత్రం (మట్టి ఎంత బలానికి తెగి జారుతుందో కొలిచేది) దీనికి పనికిరాదు. అది పదుల, వందల కిలోపాస్కల్ ఒత్తిడిలో కొలుస్తుంది. మన 3 సెం.మీ. ఇసుక పొర అడుగున ఉండే ఒత్తిడి 485 పాస్కల్ మాత్రమే. అంత తక్కువలో, ఒత్తిడికి ఎదురుగా ఇసుక బలాన్ని చూపే గీత వంగి ఉంటుంది. ఎక్కువ ఒత్తిడి కొలతల నుంచి వెనక్కి పొడిగించిన గీత చూపే కోహెషన్ తప్పు.

లోపలి వ్యాసం 10 సెం.మీ. ఉన్న పీవీసీ పైపు నుంచి రెండు రింగులు కోయించండి. కింది రింగు బల్లకు బిగించాలి. పై రింగును దాని మీద ఒక మిల్లీమీటరు కంటే తక్కువ సందుతో, దారాలతో వేలాడదీయాలి. దాని బరువు ఇసుక మీద పడకూడదు. రెండూ నిండేలా ఇసుక జల్లి, కోతకు పైన 1, 2, 3, 4, 5 సెం.మీ. ఎత్తులతో ఐదు కొలతలు తీయండి. పై రింగుకు కట్టిన దారం కప్పీ మీదుగా ఒక డబ్బాకు వెళ్తుంది. డబ్బాలోకి సెలైన్ గొట్టంతో నీళ్లు చుక్కలుగా వదలాలి. రింగు కదిలిన క్షణంలో నీళ్లు ఆపి డబ్బా తూయాలి. 3 సెం.మీ. ఎత్తుకు పైన ఉన్న ఇసుక దాదాపు 390 గ్రాములు, కదిలించడానికి సుమారు 250 గ్రాములు పట్టాలి. ఒక్కో ఎత్తుకు ఐదుసార్లు చేసి గీత గీస్తే వాలు ఘర్షణ, నిలువు అక్షాన్ని కోసిన చోటు కోహెషన్. ఎత్తు రింగు వ్యాసంలో సగం దాటనివ్వకండి. దాటితే ఇసుక బరువులో కొంత గోడలే మోస్తాయి, గాదెలో ధాన్యం లాగా. మీరు అనుకున్న ఒత్తిడి కోత మీద ఉండదు.

అదే రింగును అడుగున వేయబోయే ప్లాస్టిక్ షీటు మీద నేరుగా పెట్టి లాగితే అడుగు ఘర్షణ వస్తుంది. పాలియెస్టర్ షీటుకు సాధారణంగా 15 నుంచి 22 డిగ్రీలు. షీటుకు గమ్ము రాసి ఇసుక అంటిస్తే 30 దాటుతుంది. ఈ రెండు అడుగులతోనే ఏడాది క్లాసులు నడపవచ్చు. గాజు పూసలు కావాలంటే రోడ్ల మీద తెల్లగీతలకు వాడేవి తెప్పించి జల్లించుకోండి. గుండ్రంగా ఉండటం వల్ల వాటి ఘర్షణ కోణం 20 నుంచి 25 మధ్య ఉంటుంది, బలహీనమైన పొరగా పనికొస్తాయి.

పెట్టె లోపలి కొలత 100 సెం.మీ. పొడవు, 30 వెడల్పు, 20 ఎత్తు చాలు. పక్కలు 10 మి.మీ. టఫెండ్ గాజు. యాక్రిలిక్ చవకే గానీ రెండు నెలల్లో గీతలు పడి ఫోటోలు పాడవుతాయి. అడుగుకు మన కడప నల్లబండ కంటే మంచిది లేదు: 30 మి.మీ. మందం, పాలిష్ పట్టినది. బరువుగా ఉంటుంది, వంగదు, కారిడార్‌లో నడిచినవాళ్ల అదురు రాదు. నాలుగు మూలలా రసమట్టం పెట్టి సరిచూడండి. మీటరుకు 2 మి.మీ. వాలినా డిగ్రీలో పదోవంతు తేడా, అంతకు మించనివ్వవద్దు.

ఒక చివర కదలని గోడ. దాని కిందున్న సన్నటి సందులోంచి అడుగు షీటు బయటికి వెళ్లి రోలర్‌కు చుట్టుకుంటుంది. షీటు లాగుతుంటే ఇసుక గోడకు కొట్టుకుని ముడతలు పడుతుంది. ఆ సందు దగ్గరే చాలా మోడళ్లు పాడవుతాయి. 1 మి.మీ. కంటే ఎక్కువైతే ఇసుక కారిపోతుంది, గోడ దగ్గర గుంట పడి వాలు తగ్గిపోతుంది. అక్కడ ఉన్నిపట్టీ అంటించండి. కింద ఒక ట్రే పెట్టి, కారిన ఇసుక ప్రతిసారీ తూచండి. మొత్తంలో ఒక శాతం దాటితే ఆ మోడల్ లెక్కలోకి రాదు. షీటు ఒక పక్కకు లాగుకుపోతే థ్రస్టులన్నీ ఏటవాలుగా వస్తాయి. షీటు రెండంచుల మీద సెంటీమీటరు గుర్తులు పెట్టుకుంటే ఆ వంకర మొదట్లోనే కనిపిస్తుంది.

80 సెం.మీ. పొడవున 3 సెం.మీ. పొర అంటే దాదాపు 12 కిలోల ఇసుక. అడుగు షీటుకు ఇటు ఇసుక, అటు బండ రెండూ అడ్డుపడతాయి. లాగే బలం వంద న్యూటన్ల పైన కావాలి, మోడల్ మందమయ్యే కొద్దీ పెరుగుతుంది. మూడు వందలు లాగేలా నెమా 23 సైజు స్టెప్పర్ మోటారు (చిన్న చిన్న అడుగులుగా తిరిగేది), లీడ్ స్క్రూ (తిరిగితే నట్టును ముందుకు జరిపే మరకడ్డీ) పెట్టించండి. మార్కెట్లో దొరికే 8 మి.మీ. లీడు (ఒక చుట్టుకు జరిగే దూరం) ఉన్న స్క్రూ నెమ్మది పనికి అనువు కాదు. గంటకు 1 సెం.మీ. నడపాలంటే మోటారు 14 సెకన్లకోసారి ఒక్కో అడుగు వేస్తుంది, ఒక్కోటి 0.04 మి.మీ. కుదుపు. 2 మి.మీ. లీడు తీసుకుని, మోటారును నడిపే డ్రైవర్ సర్క్యూట్లో ఒక్కో అడుగునూ పదహారు వంతులు చేసే మైక్రోస్టెప్ పెడితే కదలిక సాఫీగా ఉంటుంది. క్లాసులో చూపడానికి చేతి హ్యాండిలు కూడా చాలు. పొడి ఇసుకకు వేగంతో దాదాపు పనిలేదు. మెల్లగా పారే సిలికాన్ ముద్దను పొరగా వేస్తే మాత్రం వేగమే ప్రాణం, అది కింద చెప్తాను.

పొరలు వేయడం ఒక నైపుణ్యం. గరిటతో పోస్తే ఇసుక వదులుగా కూర్చుంటుంది, జల్లితే గట్టిగా సర్దుకుంటుంది. జల్లిన ఇసుక తెగేముందు కాస్త ఉబ్బి, తెగాక బలహీనపడుతుంది. ఫాల్టు ఒకసారి పుడితే అక్కడే మళ్లీ మళ్లీ కదలడానికి కారణం ఇదే, నిజమైన రాళ్లలోనూ అంతే. పోసిన ఇసుకలో ఈ గుణం తక్కువ. ఫాల్టులు మసకగా, వెడల్పుగా వస్తాయి. కాబట్టి పెట్టె వెడల్పుకు సరిపోయే పొడవాటి జల్లెడ చేయించి, 20 సెం.మీ. ఎత్తు నుంచి, నిమిషానికి పావు లీటరు చొప్పున, ముందుకూ వెనక్కీ ఆగకుండా నడిపించాలి. మొత్తానికి అరగంట పడుతుంది. పొర పెరిగే కొద్దీ జల్లెడనూ అంతే పైకి జరపాలి. చదును చేసేటప్పుడు పలకతో నొక్కరాదు, పైన ఎక్కువున్నది గీకి తీయాలి.

ఒక్కో పొరనూ తూచి వేయండి. 80 సెం.మీ. పొడవు, 30 వెడల్పు, 5 మి.మీ. మందానికి 1,980 గ్రాములు పడితే సాంద్రత 1.65. అంతే ఇసుకకు మందం 5.3 మి.మీ. వచ్చిందంటే సాంద్రత ఆరు శాతం పడిపోయినట్టు. ఆ పొర తీసి మళ్లీ వేయాలి. ఇంకోటి, ఒక డిసర్టేషన్ మోడళ్లన్నిటికీ ఇసుక జల్లేది ఒకే మనిషి కావాలి. చేయి మారితే ఇసుక మారుతుంది. ఇది పిల్లలకు చాదస్తంగా అనిపిస్తుంది, కానీ ఇందులో పట్టు సడలించకండి.

క్లాసులో మొదటి మోడల్‌గా ఈ థ్రస్టు పెట్టెనే పెట్టండి, ఎందుకంటే దీనికి ముందే జవాబు లెక్కగట్టవచ్చు. 1983లో డేవిస్, సప్పె, డాలెన్ చెప్పిన క్రిటికల్ వెడ్జ్ సూత్రం ప్రకారం, అడుగు వాలు లేకుండా ఉంటే, ముడతలు పడి పెరిగే ఇసుక దిబ్బ వాలు రెండు ఘర్షణల మీదే ఆధారపడుతుంది: ఇసుక లోపలిది, అడుగుది. లోపల 35 డిగ్రీలు, నునుపైన అడుగు 20 డిగ్రీలు అయితే పై వాలు 6 డిగ్రీల దగ్గర నిలవాలి. ఇసుక అంటించిన 30 డిగ్రీల అడుగు మీద 11కు చేరాలి. రింగుతో పిల్లలే కొలిచిన అంకెలు ఇందులో వేయించి, కాగితం మీద జవాబు రాయించి, ఆ తర్వాతే మోటారు తిప్పండి. 25 సెం.మీ. కుదించాక అద్దం పక్క నుంచి కోణం కొలిచి పోల్చమనండి. ఒకటి రెండు డిగ్రీల తేడా మామూలే. ఐదు డిగ్రీలు వస్తే ఎక్కడో తప్పు జరిగింది: షీటు మురికిపట్టి ఉండాలి, ఇసుక కారి ఉండాలి, లేదా తేమ. ఆ తప్పు వెతికించడమే మంచి పాఠం.

ఇదే మోడల్లో థ్రస్టు వాలు చూపించండి. 45 నుంచి ఘర్షణ కోణంలో సగం తీసేస్తే 27 డిగ్రీల పైచిలుకు. మొదట పుట్టే థ్రస్టు ఆ దగ్గరే ఉంటుంది. తర్వాత వెనక పడ్డవి ముందువాటి మీదికెక్కి నిటారవుతాయి. అద్దం పక్కన 3, 4 సెం.మీ. మేర ఘర్షణ వల్ల గీతలు వంగిపోతాయి, ఆ భాగం కొలతల్లోకి తీసుకోవద్దు.

సాగదీత మోడల్ సులభం: అడుగున రెండు షీట్లు, ఒకటి కదులుతుంది, వాటి అంచు మీద నార్మల్ ఫాల్టులు (సాగినప్పుడు ఒక పక్క కిందికి జారేవి) 60 డిగ్రీలకు కొంచెం పైగా వాలి పుడతాయి. పక్కపక్కగా జారే ఫాల్టుకు రెండు పలకల అడుగు కావాలి. కింది కోత గీతకు 15, 17 డిగ్రీల కోణంలో రీడెల్ పగుళ్లు (ప్రధాన కోతకు ఏటవాలుగా పుట్టే చిన్న పగుళ్లు) వరుసగా వస్తాయి. ఈ రెండూ ఒక్కో గంట పాఠాలు, ఇంతకంటే చెప్పేది లేదు.

సిలికాన్ మీద మాత్రం కొంత ఓపిక కావాలి. ఉప్పు పొర, లోతైన మెత్తటి క్రస్టు (భూమి పైపెంకు) వంటివాటికి దీన్ని వాడతారు. కావలసింది గట్టిపడని, పీడీఎంఎస్ అనే సిలికాన్ పాలిమర్. బాత్రూమ్ సందులకు పెట్టే సిలికాన్ సీలెంట్ కొనవద్దు, అది రాత్రికి రాత్రి రబ్బరైపోతుంది. సాంద్రత 0.97 దగ్గర, స్నిగ్ధత (చిక్కదనం) మామూలుగా 30,000 పాస్కల్-సెకన్ల ప్రాంతంలో ఉంటుంది. డబ్బా మీది అంకె నమ్మకుండా కొలవండి: 10 మి.మీ. స్టీలు బేరింగ్ గుండును వెడల్పాటి గాజు పాత్రలోని సిలికాన్‌లో వదిలితే, స్నిగ్ధత 30,000 అయితే గంటకు 4.5 సెం.మీ. దిగాలి. పాత్ర 10 సెం.మీ. వెడల్పే అయితే గోడల ప్రభావం వల్ల మూడున్నరే దిగుతుంది. జనవరిలోనూ మే నెలలోనూ కొలిచి చూడండి. మన గది వేడికి స్నిగ్ధత గణనీయంగా పడిపోతుంది.

వేగం ఎందుకు ప్రాణమన్నానంటే, 5 మి.మీ. సిలికాన్ పొరను గంటకు 1 సెం.మీ. చొప్పున జరిపితే అది ఇచ్చే అడ్డు 17 పాస్కల్. పైన 3 సెం.మీ. ఇసుక ఘర్షణ బలం దాదాపు 300 పాస్కల్. అంటే సిలికాన్ నూనె పూసినట్టు జారుతుంది, ముడతలు దూరదూరంగా, రెండువైపులా వాలుతూ వస్తాయి. అదే గంటకు 20 సెం.మీ. నడిపితే సిలికాన్ అడ్డు 330 దాటుతుంది. ఇసుక కంటే గట్టిదైపోయింది. పిల్లవాడు సాయంత్రం బస్సు అందుకోవాలని మోటారు వేగం పెంచితే బలహీనమైన పొర మీద చేసిన ప్రయోగం కాస్తా బలమైన పొర మీద చేసినదవుతుంది. కరెంటు పోయినా అంతే: ఆగినంతసేపూ సిలికాన్ సర్దుకుంటూనే ఉంటుంది. మోటారుకు, కెమెరాకు యూపీఎస్ లేకుండా సిలికాన్ మోడల్ మొదలుపెట్టవద్దు. పొర వేశాక బుడగలు పోవడానికి ఒకటి రెండు రోజులు వదిలేయాలి. ఇసుక అంటిన సిలికాన్‌ను మళ్లీ వాడితే స్నిగ్ధత మారిపోతుంది. అది క్లాసు డబ్బాలోకి వెళ్లాలి. సాంద్రత పెంచాలంటే మన మంగంపేట బెరైటీస్ (బరువైన ఖనిజం) పొడి కలపవచ్చు, కలిపాక గుండు పరీక్ష మళ్లీ చేయాలి.

ఫోటోలకు మామూలు ఫోను చాలు. ఎక్స్‌పోజరు, ఫోకస్ లాక్ చేసి, స్టాండుకు బిగించి, చార్జరు కేబులు పెట్టే ఉంచాలి. ప్రతి మిల్లీమీటరు కదలికకు ఒక ఫోటో: 25 సెం.మీ. కుదింపుకు 250. ఒక పక్క నుంచి, తక్కువ ఎత్తులో ఒకే లైటు పడితే ఫాల్టు అంచులు నీడలతో పైకి తేలతాయి. పైన నల్లరేణువులు పలచగా చల్లితే పీఐవీల్యాబ్, ఓపెన్‌పీఐవీ వంటి ప్రోగ్రాములు రెండు ఫోటోల మధ్య ఏ రేణువు ఎంత కదిలిందో లెక్కగడతాయి. కంటికి ఫాల్టు కనిపించకముందే కదలిక ఎక్కడ గుమిగూడుతోందో అందులో తెలుస్తుంది. ఫ్రేములో స్కేలు లేని ఫోటో తీయనివ్వకండి.

మోడల్ ఆపాక కోయాలి, ఎందుకంటే అద్దం దగ్గర కనిపించేది గోడ చెప్పే మాట. ముందు పైన కొత్త రంగు ఇసుక కప్పి ఉపరితలాన్ని కాపాడండి. తర్వాత నీళ్లలో రెండు మూడు చుక్కల పాత్రలు తోమే ద్రవం కలిపి స్ప్రేతో, అంచుల నుంచి నెమ్మదిగా తడపాలి. ఒక్కసారి పోస్తే ఇసుక కుంగి ఫాల్టులు చెదురుతాయి. రాత్రంతా ఇంకనిచ్చి, మర్నాడు పల్చటి రేకుతో 2 సెం.మీ.కొకటి చొప్పున కోసి ఫోటో తీయాలి. సిలికాన్ ఉంటే నీళ్లు దాని కిందికి దిగవు, పక్కల నుంచి ఎక్కించాలి. వాడిన ఇసుకను కడిగి ఆరబెట్టి క్లాసుకు ఉంచుకోండి, పరిశోధన ఇసుకలో కలపకండి.

ఇక నల్లమల. ఈ ప్రాంతపు రాళ్లను భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1872లోనే పటాలతో సహా వివరించాడు. కడప బేసిన్ (పాత అవక్షేపాలు పేరుకున్న పల్లం) పడమటి సగంలో పొరలు పెద్దగా చెదరలేదు. గండికోట దగ్గర పెన్న కోసిన గోడల్లో, గువ్వలచెరువు ఘాట్‌లో తూర్పు వైపు తక్కువ వాలుతో కనిపిస్తాయి. తూర్పు సగం, నల్లమల ఫోల్డ్ బెల్టు, బైరేనికొండ క్వార్ట్‌జైట్, కంభం షేలు (పలకలుగా విడిపోయే మెత్తటి మట్టిరాయి) కలిసి గట్టిగా ముడతలు పడి, పడమటికి తోసుకొచ్చి కర్నూలు శ్రేణి రాళ్ల మీదికి ఎక్కింది. పైనుంచి చూస్తే నెలవంక, ఉబ్బు పడమటికి. పిల్లల్ని ముందు నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్లే ఘాట్ రోడ్డు మీద తిప్పి, ముడతలు ఎటు వాలుతున్నాయో కొలిపించి, ఆ తర్వాతే పెట్టె దగ్గరికి తీసుకురండి.

“నల్లమల ఎలా ఏర్పడింది” అన్నది ఎం.ఎస్సీ. ప్రశ్న కాదు, ఇసుకపెట్టె దానికి జవాబివ్వలేదు. ఇవ్వగలిగింది ఇలాంటివాటికి: నెలవంక ఆకారం రావడానికి తూర్పు నుంచి తోసిన గోడే వంపుగా ఉండాలా, లేక గోడ తిన్నగా ఉన్నా, అవక్షేపం మధ్యలో మందంగా, రెండు కొసల్లో పలచగా ఉంటే చాలా? ఒక్కో మోడల్లో మారేది ఒక్కటే. మధ్యలో 4 సెం.మీ., కొసల్లో 2 ఉన్న పొర ఒకటి, అంతటా 3 సెం.మీ. ఉన్నది ఒకటి, వంపు గోడతో ఒకటి. పెట్టె వెడల్పు మాత్రం 60 సెం.మీ. కావాలి, లేకపోతే గోడల ప్రభావమే నెలవంకను గీసేస్తుంది. షేలు బదులు గాజు పూసల పొర మందం మార్చి, ముడతల మధ్య దూరం ఎలా మారుతుందో చూడటం ఇంకో మంచి ప్రశ్న. దానికి 30 సెం.మీ. పెట్టె చాలు, మొదటి బ్యాచికి నేను దీన్నే ఇస్తాను.

మూడు రకాలు, ఒక్కోటి మూడుసార్లు, మొత్తం తొమ్మిది మోడళ్లు. ఒక్కోదానికి నింపడం, నడపడం, కోయడం కలిపి రెండు మూడు రోజులు. చెడిపోయేవి కలుపుకుంటే పదిహేనుకు సిద్ధపడాలి. ఆరు నెలల్లో మొదటి నెల రింగు కొలతలకు, రెండో నెల ఒకే మోడల్‌ను మళ్లీ మళ్లీ చేసి తేడా ఎంతో తెలుసుకోవడానికి పోనివ్వండి. ఆ తేడా తెలియకపోతే, పూసలు మార్చినందువల్ల ముడతల దూరం ఒక సెంటీమీటరు పెరిగిందా, ఇసుక జల్లే చేయి అలసినందువల్లా అని ఎవరూ చెప్పలేరు. వైవాలో అడిగే ప్రశ్న కూడా అదే. తప్పిన మోడళ్లనూ తేదీతో, కారణంతో డిసర్టేషన్ చివర పట్టికగా పెట్టించండి. మోడల్లో వచ్చిన ఆకారం నల్లమలను పోలినంత మాత్రాన అక్కడ జరిగింది ఇదేనని రాయనివ్వకండి. ఈ పరిస్థితుల్లో ఇలాంటి ఆకారం రాగలదు, ఆ పరిస్థితుల్లో రాలేదు అన్నంతవరకే ఇసుక సాక్ష్యం.

పెట్టె ఆర్డరు ఇచ్చేముందు సివిల్ విభాగం నుంచి ఐదు కిలోల మూడో గ్రేడు ఇసుక తెచ్చుకుని పీవీసీ రింగు కొలతలు పూర్తిచేయండి. ఐదు ఎత్తులకూ వచ్చిన బరువులు, షీటు మీద వచ్చినవి, ఆ రోజు గది తేమ పంపితే, మీ అడుగుకు వాలు ఎంత రావాలో లెక్కగట్టి, ఏ షీటు, ఎంత మందం పొర వేయాలో చెప్తాను.